వీపుకు బెండు

మాది ఎల్లారెడ్డి. అరవై రెండేళ్లొచ్చినా రోజూ పొద్దున్నే మా పొలం బావిలో ఈత కొట్టేవాణ్ణి. పోయిన వానాకాలం కుడి మోచేతి నరం వాచింది. కామారెడ్డిలో డాక్టరు చూసి, "నెల దాక ఈ చెయ్యి కదిలియ్యొద్దు" అన్నాడు. ఈత మానమని మాత్రం అనలేదు.

మర్నాడే కుడి చేతిని తువ్వాలతో నడుముకు కట్టుకుని బావిలో దూకాను. ఎడమ చేత్తో ఎంత కొట్టినా ముందుకు పోవడం లేదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాను. నాలుగో చుట్టుకు నీళ్లు మింగాను. చెయ్యి విప్పుకుందామంటే తడిసిన ముడి బిగుసుకుపోయింది. అప్పుడు నిజంగానే భయమేసి కేకలు పెట్టాను.

పక్క పొలం సాయిలు దూకి నన్ను మెట్ల మీదికి లాగాడు. చిన్నప్పుడు వాడి వీపుకు తేలే బెండు కట్టి ఈత నేర్పింది నేనే.

"చెయ్యెందుకు కట్టుకున్నవ్ కాకా?"

"డాక్టరు కదిలియ్యొద్దన్నడురా."

"చెయ్యి ఒక్కటే ఇంట్ల ఉంటదా? నువ్వు గూడ ఉండాలె గద."

ముందు ముడి విప్పమని నడుము వాడి వైపు తిప్పాను.

ఇప్పుడు మోచెయ్యి బాగైంది. అయినా నేను బావికి వెళ్తే సాయిలు పని ఆపి వస్తాడు. బెండు కట్టందే మెట్టు దిగనివ్వడు. ముడి వేసి, ఒకసారి లాగి చూస్తాడు, అచ్చం నేను నేర్పినట్టే.