చిన్నాయన, మామ, అల్ రాయ్ గది

మొన్న బస్సులో పోతూ చూశాను, కువైట్‌లోని అల్ రాయ్‌లో మేము ఒకప్పుడున్న కట్టడాన్ని పడగొడుతున్నారు. మూడో అంతస్తులో మా గది గోడ సగం మిగిలి ఉంది. మేము వేసుకున్న ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు.

ఊళ్లో మా నాన్న తమ్ముడికీ, మా అమ్మ అన్నకూ మాటల్లేవు. పొలం గట్టు మీది బోరు ఎవరిదన్న తగవు ఒక ఉదయం మొదలై రెండిళ్లనూ విడదీసింది. ఆ కోపంతోనే మామ కువైట్ వచ్చి, నేను పనిచేసే కార్ల వర్క్‌షాపులో చేరాడు. కొన్నాళ్లకు చిన్నాయన కూడా, "వాళ్ల గడప కనపడని చోటుకు పోతా" అని వీసా తెప్పించుకున్నాడు. మామ ఎక్కడున్నాడో ఆయనకు తెలీదు. ఎక్కడో దూరంగా షుఐబాలో పని అన్నాడు ఏజెంటు. తీరా దిగాక మా వర్క్‌షాపు డ్రైవరే "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ తెచ్చి మా గదిలోనే వదిలిపోయాడు. తలుపు తీసేసరికి కింది మంచం మీద మామ ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. ఖాళీగా ఉన్నది దాని పైమంచమే.

ఆ మీదట నాకు రెండు ఉద్యోగాలు. "మీ మామకు చెప్పబ్బీ, ఏసీ తగ్గించమని" అని పైనుంచి. "నాకు ఉక్కగా ఉండాదని చెప్పు మీ చిన్నాయనకు" అని కిందినుంచి. ఇద్దరి మధ్య దూరం మూరెడు.

ఒకరోజు వర్క్‌షాపులో జాకీ జారి చిన్నాయన కుడిచెయ్యి నలిగింది. మోచేతిదాకా కట్టు. ఎడమచేత్తో స్పూను పట్టుకుని ఆయన పడే తిప్పలు మామ కాసేపు చూశాడు. లేచి వెళ్లి పళ్లెం లాక్కున్నాడు.

"నోరు తెరువు బావా. సంగటి సల్లారిపోతాంది."

చిన్నాయన మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి నోరు తెరిచాడు. నేను బట్టలు ఆరేసే నెపంతో బయటికొచ్చాను.

తర్వాత వాళ్లది విడదీయలేని జత అయింది. సెలవు కూడా కలిసే పెట్టి, విమానం దిగి మా ఊరి దగ్గరి రాయచోటి బస్టాండు దాకా ఒకే కారులో వెళ్లి, అక్కడ వేరువేరు ఆటోలెక్కారు. ఊళ్లో రెండిళ్ల పంతం అలాగే ఉంది మరి. "వాడూ ఆడే ఉండాడంట గదా, కనపడతాడా?" అని అవ్వ అడిగితే, "కువైట్ శానా పెద్దది మా" అన్నాడట చిన్నాయన. ఎదురింట్లో ఉన్న మనిషితో మాట్లాడడానికి సెలవు ఎప్పుడైపోతుందా అని ఇద్దరూ ఎదురుచూశారు.

ఇప్పుడు ఇద్దరూ పని మానేసి ఊరు చేరారు. ఒకరి వెనక ఒకరు వేర్వేరు బస్సుల్లో రాయచోటికి వెళ్లి, ఒకే హోటల్లో టీ తాగి వస్తారని విన్నాను. పగ పుట్టడానికి ఒక్క పూట చాలింది. అది పోయిందని ఊరికి చెప్పడానికి మాత్రం ఇన్నేళ్లూ చాలలేదు.