ఫినాయిల్ ఇంటి అల్లుడు

నాకు ఫినాయిల్ పడదు. ఒక్క ఫినాయిలే కాదు, బ్లీచింగ్ పౌడరు, బట్టల పెట్టెలో వేసే డాంబరు గోలీలు, బాత్‌రూములు కడిగే యాసిడ్, ఇవేవీ పడవు. వాసన తగిలిన కాసేపటికే ముక్కు కారుతుంది, కళ్లు మండుతాయి, గొంతు బిగుసుకుంటుంది. ఆ తర్వాత వచ్చే తలనొప్పి మర్నాటిదాకా వదలదు. గద్వాలలో మా వీధి డాక్టరు నా ముక్కులోకి టార్చిలైటు వేసి చూసి, "నీ ఒంటికి గివి పడవు. మందేం లేదు, జర దూరముండు" అన్నాడు. ఆ మాటకు ఫీజు కూడా పుచ్చుకున్నాడు.

చిన్నప్పుడు ఈ సంగతి బయటపడకపోవడానికి కారణం మా వృత్తి. మాది మగ్గం ఉన్న ఇల్లు. నేసే చీరకు ఏ వాసనా పట్టకూడదు. పట్టు అంచుకు వాసన అంటుకుందంటే షావుకారు ముఖం చిట్లించి చీరను తిప్పి పంపుతాడు. అందుకని మా అమ్మ ఇల్లు పేడతో అలికేది, గిన్నెలు బూడిదతో తోమేది, ఘాటు వాసన వచ్చే సరుకు దేన్నీ గడప దాటనిచ్చేది కాదు. నా ముక్కు అట్లా అతి గారాబంగా పెరిగింది. మొదటిసారి సినిమాహాల్లో, ఆటకూ ఆటకూ మధ్య ఫినాయిల్ చల్లి తుడిచినప్పుడు దాని సంగతి తెలిసింది. హీరో తెర మీదికి రాకముందే నేను బయట మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాను. టికెట్టు డబ్బులు వాపసు ఇవ్వలేదు.

అలాంటి నాకు దొరికిన మామ ఫినాయిల్ తయారు చేసేవాడు.

ఇంత పొరపాటు ఎట్లా జరిగిందంటే, పిల్లను మేం చూసింది వనపర్తిలో, ఆమె మేనమామ ఇంట్లో. తండ్రి నాగర్‌కర్నూలులో ఉంటాడని, హాస్టళ్లకు, ఆఫీసులకు సప్లై చేస్తాడని చెప్పారు. ఏం సప్లై అని మావాళ్లు ఒక్కరూ అడగలేదు. మా నాన్న కాగితాలో కుర్చీలో అనుకున్నాడట. నేను పిల్లను చూస్తున్నాను, నాకు కుర్చీలతో పనేమిటి? పెళ్లి గద్వాలలోనే జరిగింది. మామ వంగి నా కాళ్లు కడుగుతుంటే ఒకటే తుమ్ములు. హోమం పొగ అని అందరూ అన్నారు. నేనూ నమ్మాను.

అసలు విషయం పెళ్లయ్యాక నా భార్య చెప్పింది. తండ్రి హైదరాబాదు నుంచి డబ్బాల్లో సరుకు తెచ్చి, పెరట్లో డ్రమ్ములో కలిపి, పాత సీసాల్లో నింపి, మోపెడ్‌కు రెండు పక్కలా సంచులు కట్టి బిజినేపల్లి, తెల్కపల్లి దాకా అమ్ముకొస్తాడట. మోపెడ్ కొనకముందు సైకిల్ మీద తిరిగి తిరిగి మోకాళ్లు అరిగిపోయాయట.

"మా నాయిన ఫినాయిల్ నీళ్లల్ల పోస్తె పాలోలె తెల్లగైతది తెలుసా" అంది గర్వంగా. నేను నా ముక్కు సంగతి చెప్పాను. ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, "అయితె దసరాకు ఎట్ల?" అంది.

దసరా రానే వచ్చింది. కొత్త అల్లుడు మొదటి పండుగకు అత్తగారింటికి పోకపోతే ఊరు ఊరుకోదు. బస్సు దిగి వాళ్ల సందు మలుపు తిరిగామో లేదో, నా ముక్కు ఇల్లు ఎక్కడుందో చెప్పేసింది. పండుగ అని, పైగా కొత్త అల్లుడు వస్తున్నాడని, మామ ఆ పొద్దున వాకిలి, అరుగు, గదులు, గోడల అడుగులు కూడా రెండింతల ఫినాయిల్‌తో కడిగించాడు. ఇది ఆయన చేయగల మర్యాదలన్నిటిలోకీ పెద్దది. అత్త కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తెస్తే వాటిలోనూ ఒక మూతెడు కలిపి ఉంది.

నేను గడప దగ్గరే ఆగిపోయి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వెనక్కి నడిచి, ఎదురింటి అరుగు మీద కూలబడ్డాను. ఆ ఎదురింట్లో ఒక ముసలమ్మ ఒక్కతే ఉండేది. నన్ను కిందినుంచి పైదాకా చూసి, సందంతా వినపడేలా అరిచింది. "అల్లుడు అలిగిండు!"

మా వైపు కొత్త అల్లుడు అలగడమంటే మామూలు విషయం కాదు. వాచీ అయినా, రేడియో అయినా, ఏదో ఒకటి చేతిలో పెట్టేదాకా ఆయన గడప దాటడు. నిమిషంలో సందులో ఆడవాళ్లంతా పోగయ్యారు. "అలగలేదమ్మా, నాకు ఫినాయిల్ పడదు" అన్నాను.

"అందరల్లుండ్లు గట్లనే అంటరు" అంది ముసలమ్మ. "మా అల్లునికి చారు పడలే. సైకిల్ కొనిస్తె పడ్డది."

మామ పరుగున వచ్చాడు. మంచి మనిషి, భయస్తుడు. "ఏంది అల్లుడా, మా తోని ఏం తప్పైంది? వాచీ కావాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను. "రేడియోనా?" వద్దే వద్దన్నాను. ఒక్కోటి వద్దంటుంటే ఆయన ముఖం పాలిపోయింది. నా మనసులో ఇంకా పెద్దదేదో ఉందనుకున్నాడు. నేను ఎంత నిజం చెబితే అంత కొంప మునుగుతోంది.

లోపల నా భార్య తన తల్లికి చెబుతున్నది వినిపించింది. "అమ్మా, నిజంగనే పడదే. ఇంట్ల గూడ అంతే." దానికి మా అత్త, "పెండ్లయి నాలుగు దినాలు కాలే, అప్పుడే మొగని దిక్కు మాట్లాడుతున్నవా?" అంది. అత్త నాతో నేరుగా మాట్లాడేది కాదు, తలుపు చాటునుంచి కూతురికి చెప్పినట్టు చెప్పేది. ఆ మాట మాత్రం నాకు వినపడాలనే కాస్త గట్టిగా అంది. నాకు ఒళ్లు మండింది.

ఇంతలో మామ పెరట్లోంచి మోపెడ్ నడిపించుకుంటూ వచ్చాడు. పండుగ పూజ కోసం తళతళా తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి ఉంది. సంచులు విప్పేశాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "గిది తీసుకో అల్లుడా. ఇంతకంటే పెద్దది నా తాన లేదు. లోపటికి రా" అన్నాడు.

మోపెడ్ నుంచి కూడా ఫినాయిల్ వాసన గుప్పుమంటోంది. గుమ్మంలో నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆ బండి నేను తీసుకుంటే రేపటినుంచి ఆమె తండ్రి ఆ మోకాళ్లతో మళ్లీ సైకిల్ తొక్కాలి. వద్దంటే స్కూటర్ కోసం అనుకుంటారు, ఆయన ఎక్కడెక్కడో అప్పు చేస్తాడు. నన్ను ఈ జన్మలో ఎవరూ నమ్మరని అర్థమైంది. నాకు భయం వేసింది, సిగ్గు కూడా వేసింది. కొత్త అల్లుడిగా వచ్చి ఒక మనిషి బతుకుతెరువు లాక్కుపోయేవాణ్ణి అవుతున్నాను.

తాళంచెవి ఆయన జేబులోనే వేసి, "మామా, అలగలేదు. బచ్చాలు పెట్టుమను, తింట" అన్నాను. గుండెల నిండా గాలి పీల్చుకుని, బావిలోకి దిగే మనిషిలా లోపలికి నడిచాను.

పీట వేశారు. విస్తరిలో బచ్చం, అదే బొబ్బట్టు, పైన నెయ్యి. మొదటి ముక్క ఊపిరి బిగబట్టే మింగాను. ముసలమ్మ కిటికీలోంచి తొంగి చూస్తూ, "చెప్పలేనా? అలక తీరింది" అంది. రెండో ముక్క దగ్గర ఊపిరి తీసుకోక తప్పలేదు. అంతే. తుమ్ములు, దగ్గు, కళ్లనుంచి ధారలు. తర్వాత ఈల వేసినట్టు గొంతులోంచి శబ్దం. అత్త తన మర్యాదలన్నీ మరిచిపోయి, "అయ్యో, పిలగానికి ఊపిరాడుత లేదు, బయటికి తీస్కపోండ్రి!" అని నేరుగా నా రెక్క పట్టుకుని లేపింది. అందరూ కలిసి నన్ను మళ్లీ ఆ ఎదురింటి అరుగు మీదికే చేర్చారు. ముసలమ్మే తడిగుడ్డ తెచ్చి నా మొహం తుడిచి, చేటతో విసిరింది.

కాస్త తేరుకున్నాక చూస్తే మామ నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నిజంగనే పడదా?"

"నిజంగనే మామా."

ఆయన తన రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. ఆ వాసన ఆయనకు ఏనాడో తెలియకుండా పోయింది. "నా చేతులు గూడనా?" అని మెల్లగా అడిగాడు. ఆయన లేచి అరుగు అవతలి కొసకు జరిగి కూర్చున్నాడు. నాకు ఆ దగ్గంతా ఒక ఎత్తు, ఆయన అట్లా జరగడం ఒక ఎత్తు.

ఆ తర్వాత రాకపోకలు కుదిరిపోయాయి. నేను పోయినప్పుడల్లా నా పడక, భోజనం ఎదురింటి ముసలమ్మ దగ్గరే. "ఊళ్లె అల్లుండ్లందరు అత్తగారింట్ల దిగుతరు, గీనె నా ఇంట్ల దిగుతడు" అని ఆమె చెప్పుకుని తిరిగేది. మామ వచ్చి దూరంగా అరుగు కొస మీద కూర్చుని మాట్లాడి పోయేవాడు. ఎంత పిలిచినా దగ్గరికి వచ్చేవాడు కాదు.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. అక్కడైతే నేను బిడ్డను చూడలేనని, అత్తే మూటముల్లె సర్దుకుని గద్వాలకు వచ్చేసింది. ఆడపిల్ల పుట్టింది. మామ మాత్రం పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల రోజు దాకా రాలేదు.

ఆ రోజు పొద్దెక్కాక వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. తల తడిగా ఉంది, కొత్త ధోవతి మడతలు ఇంకా విడలేదు. దారిలో బీచుపల్లి దగ్గర బస్సు దిగి, కృష్ణలో మునిగి, పాత బట్టలు అక్కడే ఎవరికో ఇచ్చేసి వచ్చాడట. రెండు చేతులూ నా ముందు చాపాడు. "జర చూడు అల్లుడా. ఇసుకతోని రుద్దిన. ఇంకొస్తుందా?"

అరచేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. వంగి వాసన చూశాను. గోళ్ల సందున కొంచెం ఉంది. ముక్కు అప్పుడే చిమచిమలాడింది.

"ఏం లేదు మామా, రా" అన్నాను.

తొట్టెలలోంచి పాపను తీసి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన దగ్గరికి తీసుకోలేదు. చేతులు బారుగా చాపి, వేడి గిన్నె పట్టుకున్నట్టు పాపను దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

"దీనికి పడ్తదో లేదో" అన్నాడు.

నేను ఆయన మోచేతులు రెండూ పట్టుకుని లోపలికి మడిచాను. పాప ఆయన ఛాతీకి ఆనింది. కళ్లు కూడా తెరవకుండా అట్లాగే నిద్రపోయింది.