నూకరత్నం కొనుక్కున్న బూట్లు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. సరిగ్గా చెప్పాలంటే రెండు. ఒకటి ఒకరికి చెప్పాను, రెండోది ఇంకొకరికి. ఆ ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడి మాట్లాడుకోలేదు కాబట్టి రెండూ నిలబడిపోయాయి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఈ ధైర్యం.

భిలాయిలో, ఖుర్సీపార్ దగ్గరి ఒక బడిలో నేను లెక్కలూ, మెకానికల్ డ్రాయింగూ చెబుతాను. గీత వంకరపోతే ఊరుకోనని పిల్లల్లో నాకు పేరు. అలాంటి గీతలు గీసినందుకు ఎంతమందిని బెంచీ ఎక్కించానో. నా సంగతి మాత్రం చూడండి.

మా పిల్లల్లో చాలామంది తండ్రులు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చినవాళ్లు. నాన్న ప్లాంటులో ఉంటే కొడుక్కీ ప్లాంటే అనే ధీమా ఆ ఇళ్లలో ఉండేది. తొంభైల మొదట్లో ఆ ధీమా మెల్లగా సడలింది. కొత్తవాళ్లని తీసుకోవడం తగ్గింది. చదువు పూర్తయిన పిల్లలు పవర్ హౌస్ రైల్వే స్టేషను దగ్గర ఊరికే నిలబడి ఉండటం చూసి మా హెడ్మాస్టారికి బెంగ పట్టుకుంది.

ఊరి చివర ఒక చిన్న కార్ఖానా ఉంది. యంత్రాల విడిభాగాలు లేతు మీద చేసి అమ్మేవారు. యజమానిని అందరూ బాబూజీ అనేవారు. ఆయన బాధ ఆయనది. బడి నుంచి వచ్చే పిల్లలకి బొమ్మ గీయడం వచ్చు, ఆ బొమ్మలోని వస్తువుని చేతికిస్తే మాత్రం గుర్తుపట్టలేరు. హెడ్మాస్టారికీ ఆయనకీ మాట కుదిరింది. ఏటా వేసవి సెలవుల్లో ఇద్దరు పిల్లల్ని మేం పంపాలి. ఆయన పని నేర్పి, బాగా చేసినవాళ్లని చదువయ్యాక తన దగ్గరే పెట్టుకోవాలి. ఎవరిని పంపాలో తేల్చే పని నా మీద పడింది.

వెంటనే నాకు తట్టిన పేరు నూకరత్నం. ప్లాంటులో క్రేను నడిపే ఆయన కూతురు. ఒక వస్తువుని మధ్యకి కోస్తే లోపల ఎలా కనిపిస్తుందో ఊహించి గీయమంటే క్లాసంతా తెల్లమొహం వేసేది. నేను ఎంత అరిచినా లాభం ఉండేది కాదు. ఆ పిల్ల ఇంటి నుంచి బంగాళాదుంప తెచ్చి, దాన్ని ఇరుసుకి తొడిగే బుష్‌లా చక్కగా చెక్కి, నిలువునా కోసి అందరికీ చూపించేది. దాంతో అందరికీ అర్థమైపోయేది. నాకు ముచ్చటగానే ఉండేది. కొంచెం ఒళ్లు మండేది కూడా. ఎలాగూ నిజాలు చెబుతున్నాను కదా, ఇదీ చెప్పేస్తున్నాను.

బాబూజీని కలవడానికి వెళ్తూ అలా చెక్కిన దుంప ఒకటి సంచిలో వేసుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వారు. ఈ పిల్లనే పంపండి అన్నారు. ఆడపిల్ల అని చెప్పాను. అయితేనేం అన్నారు. కానీ ఒక షరతు పెట్టారు. షెడ్డులో ఆడవాళ్లెవరూ లేరు కాబట్టి నేను కూడా రోజూ తోడు రావాలి, ఆఫీసు గదిలో ఫ్యాను కింద కుర్చీ వేయిస్తారు. ఇంకో మాట, షెడ్డులోకి చెప్పులతో రాకూడదు, పిల్లని బూట్లు కొనుక్కోమనండి అన్నారు.

న్యాయమైన మాటే. సరేనని వచ్చేశాను. రత్నానికి చెబితే వాళ్లమ్మ పైడమ్మ మర్నాడే బడి గేటు దగ్గరికి వచ్చింది. మేడమ్ గారే తోడుంటే తనకేం బెంగ, తప్పకుండా పంపుతానని చెప్పి వెళ్లింది.

తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. అదే నన్ను తినేస్తోంది. ఎవరూ అడ్డుపడలేదు, ఎవరూ బెదిరించలేదు. నాకు పార్వతీపురం వెళ్లాలనిపించింది, అంతే. అక్కడ మా అమ్మ ఉంది. మామిడికాయలు దిగే రోజులు. అమ్మ ఆవకాయ కలుపుతుంటే పక్కన కూర్చుని ముద్ద తినాలని, మధ్యాహ్నం చల్లటి గచ్చు మీద పడి నిద్రపోవాలని ఏడాది పొడుగునా అనుకునేదాన్ని. దానికి బదులు ఆ ఎండలో బస్సెక్కి వెళ్లి, లేతు మోత వింటూ సెలవులన్నీ ఒక కుర్చీలో గడపడమా అని తలుచుకుంటేనే నీరసం వచ్చింది. నేను రాలేనని చెప్పొచ్చు కదా? ఇంకో టీచర్ని పంపమని హెడ్మాస్టారిని అడగొచ్చు కదా? అడిగితే నా సోమరితనం బయటపడుతుంది. దానికన్నా అబద్ధం ఆడటమే పరువుగా తోచింది.

ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడం లేదని బాబూజీకి చెప్పాను. మా ఆంధ్రావాళ్ల సంగతి మీకు తెలుసు కదా అని కూడా అన్నాను. ఆయన అనుమానించలేదు. ఎందుకు అనుమానిస్తారు? అందరూ నమ్మడానికి సిద్ధంగా ఉన్న అబద్ధం అది. నేను కష్టపడి కల్పించింది కూడా కాదు, చేతికి అందేలా ఉంటే వాడుకున్నాను.

రత్నానికి చెప్పడమే కష్టమైంది. బడి మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉంది. కాళ్లకి కొత్త బూట్లు. మగపిల్లల బూట్లు, కాస్త పెద్దవి. నడక అలవాటు కావాలని బడికే వేసుకొచ్చింది.

"బాబూజీ ఏటన్నారండీ మేడమ్?"

"ఆడపిల్లల్ని తీసుకోరటమ్మా."

"నా బుష్ సూపించారా?"

"చూపించాను. చాలా బాగుందన్నారు."

"మరేటండి? బాగుంటే ఎందుకొద్దంటారు?"

"అక్కడి రూలు అలాంటిదట. నేను చాలా చెప్పి చూశాను."

తల వంచుకుని బూట్ల వైపు చూసుకుంది. "కోయీ బాత్ నహీ మేడమ్, పర్లేదండి. నాకోసం మీరు అడిగారు కదండి, అదే సాలు. ఇవి మా తమ్ముడికి ఇచ్చేస్తాను" అంది.

చాలా చెప్పి చూశానని ఎందుకన్నాను? అవసరమైన అబద్ధం అంతకుముందే అయిపోయింది కదా. ఆ పిల్ల ముందు మంచిదాన్ని అనిపించుకోవాలన్న ఆశ. ఆమె దారి మూసింది చాలక ఆమె కృతజ్ఞత కూడా కాజేశాను. ఆ రెండో పనికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

ఇద్దరు మగపిల్లలు కార్ఖానాకి వెళ్లారు. నేను పార్వతీపురం వెళ్లాను. ఆ ఏడు ఆవకాయ బాగా కుదిరింది. తిరిగొచ్చాక ఒక డబ్బా పైడమ్మకి పంపాను. మేడమ్ గారు ఎంత గుర్తుపెట్టుకున్నారోనని ఆమె మురిసిపోయిందట.

అది మొదలు ప్రతి వేసవికీ మగపిల్లలే వెళ్తున్నారు. కొందరు అక్కడే పనిలో కుదురుకున్నారు. వాళ్ల గురించి మా హెడ్మాస్టారు గొప్పగా చెప్పుకుంటారు. ఆడపిల్లలు అడగడం మానేశారు. అక్కడ మనల్ని తీసుకోరట అని పెద్ద క్లాసువాళ్లే చిన్నవాళ్లకి చెప్పేస్తారు. నాకు ఆ అబద్ధం మళ్లీ ఆడాల్సిన అవసరం కూడా రాలేదు. ఒకసారి బాబూజీ నాతో, మీవాళ్లు ఆడపిల్లల్ని పంపరు గానీ పంపితే నేర్పేవాణ్ణే అన్నారు. అప్పుడు నోరు విప్పితే ఆ ఏడాదైనా ఒక పిల్ల వెళ్లేది. నేను అవునన్నట్టు తలూపాను.

ఈ మధ్య మా ఇంటి కుళాయి కారుతుంటే వాషరు కోసం పవర్ హౌస్ బజారుకి వెళ్లాను. నట్లూ బోల్టులూ అమ్మే దుకాణంలో, కౌంటరు వెనక రత్నం కనిపించింది. మేనమామ దుకాణమట, చదువయ్యాక అక్కడే ఉండిపోయిందట. నన్ను చూడగానే బయటికి వచ్చి కాళ్లకి దండం పెట్టింది. స్టూలు వేసింది, టీ తెప్పించింది. సామాను కోసం నిలబడి ఉన్నవాళ్లకి నన్ను చూపించి, "మా మేడమ్. నాకోసం కార్ఖానా దాకా ఎల్లి దెబ్బలాడారు" అని చెప్పింది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. టీ మరీ వేడిగా ఉందా మేడమ్ అని అడిగింది. లేదన్నాను. మొత్తం తాగి, వాషరు తీసుకుని ఇంటికొచ్చేశాను.

ఆమెకి చెప్పకుండా మీకు చెప్పడం ఏం ఒప్పుకోలు అంటారా? నేనూ అదే అడుగుతున్నాను నన్ను. తన కోసం ఒకరు పోట్లాడారన్న తృప్తి ఆమెకి మిగిలింది, దాన్ని ఎందుకు లాక్కోవాలి అని సర్దిచెప్పుకుంటాను. అది కూడా నా పరువు కాపాడుకునే సాకే. ఆమె వేసిన ఆ స్టూలు పోతుందని భయం నాకు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అయినా ఇది రాస్తుంటే గుండెల మీద బరువు కాస్త కదిలినట్టుంది.

ఒక్కసారైనా వంకర లేకుండా చెబుతాను. బాబూజీ రమ్మన్నారు. పైడమ్మ పంపుతానంది. నూకరత్నం బూట్లు కొనుక్కుంది. వద్దన్నది నేనొక్కదాన్నే.