పోలిరాజు చూసిన నేల

మల్కాపురంలో పోలిరాజు ఒక్కచోట కూర్చుని టీ తాగగా చూసినవాళ్ళు లేరు. గ్లాసు పట్టుకుని వీధి మొగదాకా వెళ్ళి, ఎవరి తలుపు గొళ్ళెం ఊడిందో, ఏ పిల్లాడి సైకిలు చైను జారిందో చూసి, టీ సంగతి మరిచిపోయి, చల్లారిన గ్లాసుతో తిరిగొచ్చేవాడు. గొళ్ళెం మాత్రం బిగించే వచ్చేవాడు. చైను ఎక్కించే వచ్చేవాడు.

"మీ ఆయన కాళ్ళకింద నిప్పులున్నాయేటే?" అని పక్కింటి వరహాలమ్మ నవ్వితే, "ఉన్నాయప్పా, అందుకే మా ఇంట్లో పొయ్యి ఆరదు" అనేది భార్య గౌరీశ్వరి.

చోడవరం పక్క పల్లెలో పుట్టిన రైతుబిడ్డ అతను. నాగలి పట్టిన చేతులతోనే వచ్చి పోర్టులో చేరాడు. డ్రెడ్జరు మీద తాళ్ళూ లంగర్లూ చూసుకునే లస్కరు పని. ఓడలు వచ్చే దారిలో పేరుకున్న ఇసకనీ బురదనీ సముద్రం అడుగునుంచి తోడిపోసే ఓడ అది. గొట్టంలోంచి నల్లటి బురద భళ్ళున పడుతూంటే తాళ్ళు సర్దుతూనే దాని వంక చూస్తూ ఉండేవాడు. అందులో గవ్వో శంఖమో కనబడితే కడిగి జేబులో వేసుకునేవాడు. ఇంట్లో కిటికీ గట్టుమీద అవన్నీ బారులు తీరి ఉండేవి.

"ఇన్నేళ్ళ బట్టి తోడతన్నాను గౌరీ. ఆ అడుగు ఎలాగుంటదో నానెరగను. ఎవుడి పొలంలోనో సెప్పకుండా మట్టెత్తుకొచ్చినట్టుగుంటది నాకు" అనేవాడు.

చూడకపోవడానికి కారణం ఉంది. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని అతని తల్లి చెప్పింది. ఆవిడకి ఆవిడ అత్తగారు చెప్పింది. పోలిరాజు సముద్రం మీదే బతికినా ఆ మాట దాటలేదు. మామూలు రోజున కెరటం తుంపర మీద పడితే, తల్లీ తప్పు కాయి అని కళ్ళకద్దుకునేవాడు. పున్నాలకీ అమావాస్యలకీ గట్టున జనంతో కలిసి మూడు మునకలు వెయ్యడమే. ఆ నీళ్ళలో ఎదుటివాడి పాదాలే కనబడవు, అడుగేం కనబడుతుంది?

ఒకసారి ఇనప తాడు తెగి కాలికి తగిలి పోలిరాజు ఆసుపత్రిలో పడ్డాడు. పక్క మంచంలో జ్వరంతో ఒక విదేశీ నావికుడు ఉన్నాడు. అతని ఓడ అతన్ని దింపేసి వెళ్ళిపోయింది. నల్లటి కుర్రవాడు, తనవాళ్ళెవరూ లేరు. గౌరీశ్వరి మొగుడికి జావ తెచ్చినప్పుడల్లా రెండు గిన్నెలు తెచ్చేది. ఆ కుర్రవాడిది కరీబియన్ దీవులట. వచ్చీరాని ఇంగ్లీషుతోనూ చేతి సైగలతోనూ తన ఊరి సంగతి చెప్పాడు. అక్కడ జనం తెరచాప పడవ ఒకటి తమకోసమే అద్దెకి తీసుకుని, తెల్లారి బయల్దేరి, నీళ్ళమీద బోర్లా తేలుతూ, మొహానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని, సాయంత్రందాకా అడుగున చేపల్ని చూస్తారట. వెళ్ళిపోయేనాడు ఆ అద్దమూ గొట్టమూ పోలిరాజు చేతిలో పెట్టి, గౌరీశ్వరికి వంగి దండం పెట్టి వెళ్ళాడు.

ఆ అద్దం ఇంట్లో దేవుడి పటం పక్కన మేకుకి వేలాడింది. దసరాకి సుత్తీ పట్టకారులతోపాటు దానికీ గౌరీశ్వరి బొట్టు పెట్టేది. ఏళ్ళు గడిచాయి. పోలిరాజు దాన్ని తీసి, మొహానికి పెట్టుకుని, ఇంట్లో అటూ ఇటూ తిరిగి, మళ్ళీ మేకుకి తగిలించేవాడు.

పందొమ్మిది వందల ఎనభై నాలుగులో కళ్ళు మసకబారాయి. కుడికంట్లో శుక్లం ముదిరిందనీ, ఎడమకంట్లో మొదలైందనీ డాక్టరుగారు చెప్పారు. మాఘ పున్నమి వెళ్ళగానే ఆపరేషన్.

"తరవాత దళసరి కళ్ళద్దాలు వస్తాయి. అవి లేకపోతే చూపు ఆనదు. మునకలూ ఈతలూ ఇంక కట్టిపెట్టాలి" అన్నారాయన. తరవాత గౌరీశ్వరి వైపు తిరిగి, "ముఖ్యంగా ఇది విను తల్లీ. ఆపరేషనయ్యాక తల కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. కదిలితే కుట్లు తెగుతాయి. కన్ను దక్కదు."

గౌరీశ్వరి భయంగా మొగుడి వంక చూసింది. అన్నం తింటూ కూడా మూడుసార్లు లేచే మనిషి! పోలిరాజుకి ఆ భయం లేదు. అతని బెంగ వేరు. దళసరి కళ్ళద్దాల మీద ఆ అద్దం ఎక్కదు. చూస్తే ఈ పున్నమిలోగా చూడాలి. లేకపోతే ఈ జన్మకి లేదు.

మల్కాపురం వీధుల్లో చేపలమ్మే మహాలక్ష్మమ్మది సముద్రం ఒడ్డున గంగవరం. రోజూ ఆమె తట్ట దించుకోవడానికి గౌరీశ్వరి చెయ్యి సాయం పట్టేది, చెంబుడు మంచినీళ్ళిచ్చేది. ఆమె మొగుడు తాతబాబుకి తెరచాప నావ ఉంది. పోలిరాజు వెళ్ళి అతన్ని అడిగి వచ్చిన మర్నాడు మహాలక్ష్మమ్మ వీధి వీధంతా వినేట్టు నవ్వింది.

"ఏటప్పా, మీ ఆయన మా నావ బాడుగకి అడిగినాడంట! సేపలు పట్టడానికి కాదంట, సూడ్డానికంట! నా తట్టలో సూడమను, బాడుగ నేదు!"

నావ దొరికింది. రోజు దగ్గరే వచ్చింది తంటా.

"అష్టమికి రా బావా" అన్నాడు తాతబాబు. "నీళ్ళు గాజులాగుంటాయి. పున్నం నాడు పోటు మీదుంటది, అడుగునున్న ఇసకంతా లేపేస్తది. బురద సూడ్డానికి నా నావెందుకు, నీ డ్రెడ్జరు నేదా?"

ఇంటికొస్తే గౌరీశ్వరి ససేమిరా అంది. "అష్టమి నాడు సముద్రం ముట్టుకుంటారా ఎవరైనా? కంటి మీద కత్తి పడబోతంది, ఇప్పుడా తప్పు సెయ్యడం? మాగ పున్నం నాడు తానం సేసి, గంగమ్మతల్లికి పసుపు కుంకాలిచ్చి దిగు. నానూ వత్తాను."

"పున్నం నాడు ఏటీ కనబడదంటన్నాడే!"

"సల్లని తల్లి, కనబరిస్తే కనబరుత్తది."

పోలిరాజు నాలుగు రోజులు నలిగిపోయాడు. డ్యూటీ దిగి గాజువాక దాకా నడిచేవాడు, ఎందుకొచ్చాడో తెలియక వెనక్కి వచ్చేవాడు. గవ్వలన్నీ కిందికి దించి, తుడిచి, మళ్ళీ పేర్చాడు. అష్టమి నాడు పొద్దున్నే అద్దం సంచిలో వేసుకుని గుమ్మం దాటాడు కూడా. వీధి మొగలో ఆగాడు. తల్లి మాట ఒక పక్క, భార్య మొహం ఒక పక్క. తిరిగొచ్చి అద్దం మేకుకి తగిలించాడు. గౌరీశ్వరి టీ గ్లాసు చేతికిచ్చింది.

పున్నమి నాడు చీకటుండగానే వరహాలమ్మ గిన్నెడు పులిహోర కట్టి ఇచ్చింది. మొదటి బస్సుకి గాజువాక, అక్కణ్ణుంచి రిక్షాలో గంగవరం. తెల్లారేసరికి ఇద్దరూ స్నానం చేసి, నీళ్ళలో పసుపూ కుంకుమా వదిలి దండం పెట్టుకున్నారు. మహాలక్ష్మమ్మ నావ ముక్కుకి బొట్టు పెట్టి, గౌరీశ్వరిని చెయ్యి పట్టి ఎక్కించింది.

"మా ఆడోళ్ళం నావెక్కం అప్పా. ఇయ్యాళ ఇది వేటకెల్లే నావ కాదు గదా, నువ్వెల్లు. నడిమికి కూకో."

తాతబాబు తెరచాప ఎత్తాడు. గట్టు జరిగిపోయింది. వెనక కూర్మన్నపాలెం వైపు కొత్త స్టీలుప్లాంటు పొగగొట్టాలు సగం సగం లేచి నిలబడి ఉన్నాయి. పోలిరాజు నావ ముక్కు దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ తాతబాబు దగ్గరికి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.

"కూకో బావా! నావ నువ్వు లాగనక్కర్నేదు, గాలి లాగతంది."

యారాడ కొండ కింద రాళ్ళ దగ్గర లంగరు వేశారు. తాతబాబు తాడు తెచ్చి పోలిరాజు నడుముకి కట్టాడు. నొప్పి పెట్టకుండా కింద తన తలగుడ్డ మడతపెట్టి మరీ కట్టాడు. పోలిరాజు అద్దం పెట్టుకుని, గొట్టం కరుచుకుని, కొండ మీది అప్పన్న దేవుణ్ణి తలుచుకుని నీళ్ళలోకి జారాడు. బోర్లా తేలి, తల ముంచి కళ్ళు తెరిచాడు.

పచ్చటి మసక. అంతే. చెయ్యి చాపితే వేళ్ళు ఆ మసకలో కలిసిపోయాయి.

తల పైకెత్తాడు. అద్దం తుడిచి మళ్ళీ ముంచాడు. అదే మసక. అప్పుడు పుట్టింది అతనికి అసలు భయం. ఈ మసక నీళ్ళదా, కంటిదా? నీళ్ళదైతే ఆశ ఉంది. కంటిదైతే ఏ అష్టమి మాత్రం ఏం చేస్తుంది?

పైకెక్కి, నీళ్ళు కారుతూ నిలబడ్డాడు. "తాతబాబూ, నీళ్ళు నిజంగా కలకబారినాయేట్రా?"

"నాన్సెప్పనేదా బావా. నీళ్ళే."

"నువ్వు నా మనసు కోసం సెప్తావు. మంచోడివి నువ్వు." పోలిరాజు భార్య వైపు చూశాడు. రేషన్ కొట్టువాడు పొరపాటున ఎక్కువ తూస్తే పిలిచి చెప్పే మనిషి గౌరీశ్వరి. "నువ్వు సూడు గౌరీ."

"నానా! నాను నీళ్ళలో మొకం ఎట్టడమా? ఓలమ్మో!"

"నువ్వైతే ఉన్నదున్నట్టు సెప్తావు. సూసి సెప్పు."

ఆమె లేచి అంచు దగ్గరికి జరిగింది. కొంగు బిగించింది. తడి జుట్టు మీద అద్దం రబ్బరు పట్టీ అతనే జాగ్రత్తగా సర్దాడు. ఆమె నావ అంచు మీద బోర్లా వంగితే నడుం పట్టుకున్నాడు. ఆమె ఊపిరి బిగపట్టి మొహం ముంచింది. వెంటనే తీసింది.

"సీకటి!"

"కళ్ళు మూసుకున్నావేటే?"

"…మూసుకున్నాను మావా."

తాతబాబు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఆమె మళ్ళీ ముంచింది. ఈసారి చాలాసేపు ఉంది. ఒక చెయ్యి కూడా నీళ్ళలో పెట్టి ఆడించింది. లేచి, అద్దం తీసి, మొహం తుడుచుకోకుండానే చెప్పింది.

"పచ్చగా కుడితినీళ్ళలాగుంది. నా గాజులు నాకే కనబడ్డం నేదు. నీ కన్ను కాదు మావా. నీళ్ళే."

పోలిరాజు ఆ మాటకి వరం దొరికినవాడిలా నవ్వాడు. నావ ఊగిపోయింది.

"పోటు నిలవాల" అన్నాడు తాతబాబు. "పోటు నిలిచీ, నీరు ఎనక్కి లాగే పాటు మొదలెట్టే లోపల కొంచెం సేపు నీరు ఆగతది. అప్పుడు తేరితే తేరతది. నాను మాట ఇయ్యను. కూకో."

కూర్చోవడమే కదా అతనికి రానిది. పులిహోర ఒక ముద్ద తిని ఆకు పక్కన పెట్టాడు. లంగరు తాడు ముట్టుకున్నాడు. నీళ్ళలోకి తొంగి చూశాడు. మళ్ళీ తాడు ముట్టుకున్నాడు.

"నీరు తేరతది గాని నువ్వు తేరవు బావా" అని విసుక్కుంటూనే తాతబాబు తన ఆకులోంచి వేపిన చేప ముక్క తీసి అతనికివ్వబోయి, పర్వదినమని గుర్తొచ్చి, నాలిక కరుచుకుని తనే తినేశాడు.

సముద్రం మీద పొద్దు బారెడు పైకెక్కింది. రాళ్ళ మీద కొట్టే కెరటం మెత్తబడింది. బిగుసుకుని ఉన్న లంగరు తాడు వదులయ్యింది. దాన్ని ముట్టుకునే కూర్చున్నాడు కాబట్టి ముందుగా పోలిరాజుకే తెలిసింది. తాతబాబు తలూపాడు.

ఈసారి మెల్లగా దిగాడు. తల ముంచాడు. కుడికన్ను దాని మంచులో అది ఉంది. ఎడమకంటికి ముందు ఒక నల్లటి రాయి తగిలింది. దాని మీద పాచి గాలికి చేను ఊగినట్టు ఊగుతోంది. పసుపు చారల చిన్న చేపలు నాలుగైదు అతన్ని చూసి పక్కకి తప్పుకుని, మళ్ళీ తమ పనిలో పడ్డాయి. రాయి దాటాక, కింద, లోతున, నేల.

బురద కాదు. గొట్టంలోంచి భళ్ళున పడే నల్లటి ముద్ద కాదు. తెల్లటి ఇసక, చాళ్ళు చాళ్ళుగా, ఎవరో పొద్దున్నే వచ్చి అరక తోలి వెళ్ళినట్టు. చాలు తప్పలేదు. వంకర పోలేదు. ఎండ పై నుంచి ఆ చాళ్ళ మీద కదులుతోంది. చోడవరం పక్కన తన తండ్రి దున్నిన పొలం చెక్క కూడా ఇంత సాపుగా ఉండేది కాదు. పోలిరాజు కాళ్ళు ఆడించడం మానేశాడు. చేతులు మానేశాడు. నీళ్ళు ఎలా తేలిస్తే అలా తేలాడు. నావలోంచి చూస్తున్న గౌరీశ్వరికి ఒక్క క్షణం భయం వేసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఈ మనిషి ఇంత కదలకుండా ఉండడం ఆమె చూడలేదు. గొట్టంలోంచి ఊపిరి వినబడుతూనే ఉంటే కుదుటపడింది.

లంగరు తాడు మళ్ళీ బిగిసింది. తాతబాబు నడుం తాడు లాగాడు. పైకెక్కిన పోలిరాజు ఆ నీళ్ళని రెండు చేతుల్తో కళ్ళకద్దుకున్నాడు.

"ఏటి సూసినావు మావా?"

"నేల" అన్నాడు. "దున్నేసిన నేల గౌరీ. జల్లడమే తరవాయి."

పున్నమి వెళ్ళాక కుడికంటికి ఆపరేషన్ అయ్యింది. కన్ను ఆడకుండా రెండు కళ్ళకీ కట్టు కట్టి, తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టారు. నర్సు కనకరత్నం వెళ్ళేటప్పుడల్లా "కదలకండి రాజుగారూ" అని చెప్పి వెళ్ళేది. గౌరీశ్వరి మంచం పక్కనే నేల మీద కూర్చుని అతని తల వంకే చూస్తూ గడిపింది. వరహాలమ్మ జావ తెచ్చి, ఆ కట్టు వంక చూసి, "ఈయన కదలకుండా ఉంటాడంటావా?" అని గుసగుసగా అడిగింది.

తల కదల్లేదు. కానీ దుప్పటి మీద అతని కుడిచెయ్యి కదులుతోంది. నాలుగు వేళ్ళు చాపి, పై నుంచి కిందికి మెల్లగా లాగుతున్నాడు. కొంచెం పక్కకి జరిపి మళ్ళీ పై నుంచి కిందికి. ఆగడం లేదు.

గౌరీశ్వరికి బెంగ పట్టుకుంది. నర్సు రాగానే లేచి నిలబడింది. "అమ్మా, సెయ్యి కదిపితే కంటికేటైనా అవుద్దేటండి?"

"తల కదపకపోతే చాలమ్మా" అంది కనకరత్నం. ఒక నిమిషం ఆ చేతి వంక చూసింది. "ఏం రాస్తున్నారు ఆయన?"

"రాయడం కాదమ్మా" అంది గౌరీశ్వరి. "దున్నుతన్నాడు."

దుప్పటి ముడత పడినప్పుడల్లా, అతని చేతికి తగలకుండా, ఆమె అంచు పట్టి మెల్లగా సాపు చేస్తూ కూర్చుంది.