అర్జునుడి మాను కింద నా శ్రద్ధోపన్యాసం

శ్రద్ధ అనే మాటకు అర్థం చెప్పబోయి ఒక ఊరిని ఎండబెట్టిన ఘనుణ్ణి నేను. ఇదేదో అలంకారానికి అనడం లేదు, నిజంగానే ఎండబెట్టాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. కానీ నేను చెప్పకపోతే మా అక్క చెబుతుంది. ఆమె నోట వింటే నాకు మిగిలిన కాస్త పరువూ పోతుంది.

అప్పుడే తిరుపతిలో సంస్కృతం ఎమ్మే ముగించాను. మాట కనబడితే చాలు, ధాతువు పీకేదాకా నిద్రపట్టేది కాదు. సత్యవేడు దగ్గర మా అక్కను ఇచ్చిన ఊళ్లో ధర్మరాజుల గుడి ముందు భారతం ఉత్సవాలు జరుగుతూ ఉంటే వెళ్లాను. ఆ రోజు అర్జునుడి తపస్సు. అర్జున వేషగాడు పద్యాలు పాడుకుంటూ పొడవాటి మాను ఎక్కి, పైనుంచి పూలు, విభూతి, నిమ్మకాయలు విసురుతాడు. బిడ్డల్లేని ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. ఎవరిమీద కాయ పడితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం. పెళ్లయి ఎన్నో ఏళ్లయినా బిడ్డల్లేని మా అక్క కూడా పొద్దుటినుంచి పస్తుండి, నెత్తిన నీళ్లు కుమ్మరించుకొని వచ్చి పడుకుంది.

రోజూ మైకులో భారతం కథ చెప్పే ఆయనకు ఆ రోజు గొంతు పోయింది. గుడి పెద్దాయన నన్ను పట్టుకున్నాడు.

"అప్పా, నువ్వు సంస్కృతం సదివినావంట గదా. అర్జునుడు వచ్చేలోపల తపస్సు గురించి నాలుగు ముక్కలు సెప్పు."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త పండితుడు ఎండెరగడు. తపస్సంటే వేడి అన్నాను, నడినెత్తిన ఎండ మండుతుండగా. విశ్వాసమంటే గుండె నిండా ఊపిరి పీల్చుకోవడమన్నాను, మట్టిలో ముక్కు పెట్టుకొని పడుకున్నవాళ్లతో. ఇంతలో అర్జునుడు వచ్చి మాను ఎక్కడం మొదలుపెట్టాడు. ఉన్నది ఒకటే మైకు, అది నా చేతిలో ఉంది. పద్యం పాడే వీలులేక ఆయన సగంలో ఆగిపోయాడు. నేను ఆయన్నే చూపించి, నిష్ఠ అంటే గట్టిగా నిలబడి ఉండటమని వివరించాను. అక్క తలెత్తి నావైపు చూసింది. తమ్ముడి పాండిత్యానికి మురిసిపోతోందనుకున్నాను.

చివరికి శ్రద్ధకు వచ్చాను. "శ్రద్ధ అంటే హృదయాన్ని ఒకచోట నిలపడం. నిమ్మకాయలో ఏముందమ్మా, అంతా మనసులోనే ఉంది" అన్నాను.

పైనుంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది.

"సామీ, నాకు కాళ్లు పట్టేసిండాయి. మీరు ముగిస్తే పైకన్నా పోతా, కిందకన్నా దిగతా."

ఎవరో మైకు లాక్కున్నారు. అప్పటికి తడిచీరలన్నీ అప్పడాల్లా ఎండిపోయి ఉన్నాయి. అర్జునుడు పద్యాల్లో సగం మింగేసి, ఎలాగో పైకి చేరి కాయలు విసిరాడు. నేను సిగ్గుతో పక్కకు తప్పుకోబోయి, మైకు వైరు కాలికి చుట్టుకొని అక్క పక్కనే కూలబడ్డాను. ఆమె వీపు మీద పడాల్సిన ఆఖరి నిమ్మకాయ వచ్చి నా ఒళ్లో పడింది.

జనం విరగబడి నవ్వారు. కాయలో ఏముందన్న నోటితోనే, ఈ కాయ మా అక్కదేనని పెద్దాయన్ను బతిమాలాను. దారిలో అడ్డం పడ్డాను తప్ప దీనితో నాకే సంబంధమూ లేదన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎవురి మీద పడితే వాళ్లకేనప్పా. ఆచారం. ఇంక కానుపు కూడా నీదే."

నాకు ఏడుపొచ్చింది. అక్క లేచింది. మొహం నిండా మట్టి, కళ్లలో నీళ్లు. నా ఒళ్లోంచి కాయ తీసుకొని కొంగున ముడేసుకుంది.

"కాయ యాడ పడితే నాకేమి. అడిగింది నేను" అంది.

 పెద్దాయన పక్కకు జరిగి ఆమెకు దారి వదిలాడు. ఇంటిదారిలో అక్క నాకన్నా పది అడుగులు ముందే నడిచింది. కోపమా అని అడిగితే, "కోపం తెచ్చుకునేదానికి ఓపిక యాడుండాది" అంది.

మరుసటేడు అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆ ఘనత తనదేనని అర్జునుడు, తనదేనని తిరుపతి డాక్టరమ్మ, తన మొక్కుదేనని మా బావ ఇప్పటికీ చెప్పుకుంటారు. నా ఉపన్యాసానికి అందులో ఏ వాటా లేదని మాత్రం ముగ్గురూ ఒప్పుకుంటారు. పేరు పెట్టేనాడు ఉయ్యాల దగ్గర చేరి, శ్రద్ధ అని పెడదామన్నాను.

"వద్దురా" అంది అక్క. "ఎవురన్నా అర్థం అడిగితే, సెప్పేదానికి నువ్వొస్తావు."

అందుకని ఏడుకొండలవాడి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: తడిబట్టలతో ఉన్నవారి ఎదుట గానీ, మాను మీద ఉన్నవారి కింద గానీ, ఈ జన్మలో ఏ సంస్కృత పదానికీ అర్థం చెప్పను. వచ్చే జన్మలో కూడా, అవతలివాళ్లు నీడన కూర్చున్నాకే నోరు తెరుస్తాను.