తీగకు కుట్టిన రాత్రి

మొదట వినిపించింది ఒక చిరుగుడు. గట్టి గుడ్డను పైనుంచి కిందికి ఎవరో ఒక్క ఊపులో చింపినట్టు, చర్ర్‌మని, పొడవుగా. పిట్టలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలుపెట్టాయి. జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో జూన్ నెల. వెలుగు వచ్చి చాలాసేపైంది, గడియారంలో మాత్రం ఇంకా ఆరు కాలేదు.

మూడు రోజులు అదే చప్పుడు, అదే వేళకు. సాయంత్రం ఏడు కాబోతుండగా కింద ఎవరో దేన్నో అరచేత్తో అదిమి అదిమి మూస్తున్న సవ్వడి. నాలుగో రోజు పొద్దున్నే బాల్కనీలోకి వెళ్ళి కిందికి చూశాను.

నేనుండేది రెండో అంతస్తులో. నేలమీది ఇంటికి ముందు నాలుగు మంచాలంత తోట ఉంది. ఆ తోట మధ్యలో మనిషెత్తు నల్లటి గుడ్డ గొట్టం ఒకటి నిలబడి ఉంది. దాని పక్కన ఆ ఇంట్లో ఉండే నసీమ్.

ఆమె తల ఎత్తింది. "లేపిన్నా అక్కా? మాఫ్ చెయ్యి. వెల్క్రో గట్లనే మొత్తుకుంటది. జిప్ పెడ్దామంటే గంత పొడుగుది దొరకలే."

"లోపల ఏముంది నసీమ్?"

"రాత్రి ఉంది," అంది. "కిందికి రా, చూపిస్త."

నసీమ్‌ది నల్లగొండ. వాళ్ళమ్మ గడియారం సెంటర్ వెనక సందులో జాకెట్లు కుట్టేది. నసీమ్ ఆ మిషను కిందే పాకింది, ఆ మిషను మీదే కుట్టు నేర్చింది. పెళ్ళయ్యాక సలీమ్ వెంట ఇక్కడికి వచ్చింది. అతను బేరింగుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆమె ఊళ్ళో ఒక ఆల్టరేషన్ దుకాణంలో చేరింది. మొదటి రెండేళ్ళూ ప్యాంట్ల కాళ్ళు మడవడమే పని. తర్వాత ఊరి పెళ్ళికూతుళ్ళు తమ తెల్ల గౌన్లను ఆమెకు తప్ప ఎవరికీ ఇవ్వమనే దాకా వచ్చింది. ఒక పట్టింపు ఉండేది ఆమెకు. కొలిచిన రోజు కత్తెర పెట్టదు. "గుడ్డ ఒక రాత్రి నిద్ర పోవాలె అక్కా. కొత్త మనిషి చెయ్యికి అలవాటు కావాలె కద," అనేది.

కరోనా వచ్చి దుకాణం మూసినప్పుడు ఇంటినిండా మాస్కులు కుట్టింది. మా మెట్లమీద అందరి తలుపు గొళ్ళేలకూ రెండేసి తగిలించి వెళ్ళింది. గుడ్డ అయిపోయాక చేతులు ఊరికే ఉండలేకపోయాయి. అప్పుడు బట్టల పెట్టె అడుగునుంచి ఒక జిందాతిలిస్మాత్ సీసా తీసింది. మందు అయిపోయిన సీసా. అందులో ఏడు గింజలు, నల్లగా, నారింజ తొనల్లా మూడు పలకలతో.

వాళ్ళ నల్లగొండ ఇంటి ప్రహరీమీద పాకిన తీగ గింజలవి. మార్నింగ్ గ్లోరీ అంటారు చాలామంది. వాళ్ళింట్లో పొద్దుగాల పూలు అనేవారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ప్రహరీ పోయింది, తీగ పోయింది. వాళ్ళమ్మ ఇప్పుడు కొడుకు దగ్గర మూడో అంతస్తులో ఉంటోంది, గుప్పెడు మన్ను కూడా లేని చోట. కాబట్టి ఆ పువ్వు ఈ భూమ్మీద ఉందంటే ఆ సీసాలో ఉన్నట్టే.

2020 ఏప్రిల్‌లో నాలుగు గింజలు వేసింది. రెండు మొలిచాయి. ఎండ కరువైన దేశం కదా అని, తోటలో అన్నిటికన్నా వెలుతురున్న మూల చూసి పెట్టింది. పగలంతా ఎండ, పొద్దుపోయాక వీధి దీపం. తీగలు ఎంత సంబరంగా పెరిగాయంటే ఆగస్టుకల్లా నా బాల్కనీ కడ్డీలను పట్టుకున్నాయి. అరచేయంత ఆకులు, ఒకదానిమీద ఒకటి, పచ్చటి పెంకుల్లా. గాలి వస్తే ఇల్లంతా ఊపిరి పీల్చినట్టుండేది. పువ్వు మాత్రం లేదు. సెప్టెంబరు వెళ్ళింది, లేదు. అక్టోబరులో చీమ తలకాయంత మొగ్గలు కనబడ్డాయి. ఆ వారమే మంచు పడింది. పొద్దున చూస్తే తీగంతా ఉడకబెట్టిన పాలకూరలా వేలాడుతోంది. నసీమ్ ఆ రోజు దాన్ని కత్తిరించలేదు. మర్నాడు కత్తిరించింది.

2021లో మిగిలినవి మూడు గింజలు. ఒకటి మట్టిలోనే కుళ్ళింది. ఒకటి మొలిచి రెండాకులు వేయగానే నత్త తినేసింది. చివరిది బకెట్‌లో, మూడు వెదురు పుల్లల మధ్య నిలబడి ఉంది. అది పూసి గింజ కట్టకపోతే ఆ పువ్వు ఇక లేదు.

"మరి దీనికి ముసుగెందుకు?" అని ఆ పొద్దున అడిగాను.

చేత్తో పక్క తోట చూపించింది. అక్కడ ఎనభై దాటిన ఫ్రౌ కెస్లర్ ఒంటరిగా ఉండేది. ఆమె గోడమీద కుండీలో ఒక మామూలు ఆకుమొక్క ఉంది. అదేమిటని నసీమ్ అడిగితే, క్రిస్మస్ నక్షత్రం అన్నదట ముసలామె. డిసెంబరులో ఎర్రబడే మొక్క. ఊరికే ఎర్రబడదు. శరత్కాలంలో రోజూ సాయంత్రం దానిమీద బకెట్ బోర్లించాలి, పొద్దున తీయాలి. పొడవాటి చీకటి దొరికితే తప్ప దానికి రంగు రాదు.

"గా మాట విని నేను వంటింట్లకు పోయిన అక్కా. గోడకు మా నల్లగొండ మసీదు కేలండర్ ఉంటది, అమ్మీ ప్రతి ఏడాది పంపుతది. జూన్‌ల పొద్దుగూకే మగ్రిబ్ నమాజు ఎప్పుడు? ఆరూ యాభైకి. ఇక్కడ? తొమ్మిదిన్నర! నా రోజాలు, నా నమాజులు అన్నీ ఇక్కడి పొద్దుకు మార్చుకున్న. మనిషిని కాబట్టి మార్చుకున్న. పాపం దానికెవరు చెప్పిండ్రు? చీకటెప్పుడు పడ్తదా అని ఏడాదంత ఎదురుచూసుడే అయింది. పైన మళ్ళ వీధి లైటు. నేను వెలుతురు పెడ్తున్న పెడ్తున్న అనుకుంట, దాని నిద్ర చెడగొట్టిన."

అందుకని రాత్రి కుట్టింది. దుకాణంలో మిగిలిన హోటల్ పరదాల నల్ల గుడ్డ తెచ్చి, కొలిచి, ఒక రాత్రి ఆగి, కత్తిరించింది. మాస్కుకు పెట్టినట్టే రెండు పొరలు. అడుగున గాలి పోయేలా, వెలుగు రాకుండా మడత. ప్రతి సాయంత్రం నల్లగొండలో మగ్రిబ్ అయ్యే గంటకు, ఇక్కడి గడియారం చూసి, ముసుగు వేస్తుంది. అక్కడ సూర్యుడు వచ్చే గంటకు ఇక్కడ తీస్తుంది. నాలుగు మంచాల తోటలో, ఒక బకెట్ మట్టుకు, నల్లగొండ కాలం నడుస్తోంది.

సాయంత్రాలు వెళ్ళి చూసేదాన్ని. ఆకాశం తెల్లగా వెలుగుతుంటుంది, పిల్లలు సైకిళ్ళమీద తిరుగుతుంటారు, ఎంతకీ పొద్దు దిగదు. నసీమ్ వెల్క్రో అదుముతూ పైనుంచి కిందికి వస్తుంది. ఆఖరి జానెడు మూసుకోగానే లోపల అర్ధరాత్రి. ఒక తీగ దక్షిణానికి వేల మైళ్ళు నడిచిపోతుంది.

సలీమ్ దీన్ని ఫ్యాక్టరీ అంతా చెప్పుకున్నాడు, నాతోనూ అన్నాడు. "నా పెళ్ళాం తను పరదా వెయ్యదు గని అక్కా, తీగకు మాత్రం వేసింది!"

మూడు వారాలైనా మొగ్గ లేదు. ఒక పొద్దున ముసుగు తీయబోయి నసీమ్ ఆగిపోయింది. వెల్క్రో రెండు పట్టీలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా లేవు. వేలెడు పక్కకు జరిగాయి. నసీమ్ చేతిలో కుట్టు వేలెడు జరగడం ఎవరూ చూడలేదు.

"సలీమ్!"

అతను చాయ్ కప్పుతో గుమ్మంలోకి వచ్చాడు. రెండో షిఫ్టు నడుస్తోంది, నిద్ర మొహం.

"దీన్ని ఎవరు తెరిచిండ్రు?"

"అరె, మొగ్గ వచ్చిందా అని చూసిన. డ్యూటీ నుంచి వచ్చినంక. రోజూ రెండు నిమిషాలే, ఫోన్ టార్చి కొట్టి..."

"రోజూనా!"

"వచ్చుంటే నిన్ను లేపి చెప్దామని."

"నువ్వు పండుకున్నంక ఎవడన్న మొహం మీద టార్చి కొడ్తే ఏం చేస్తవ్?"

"లేచి కూసుంట."

"మరి అదీ లేచి కూసున్నది!"

ఫ్రౌ కెస్లర్ కంచె అవతలనుంచి అంతా చూస్తోంది. ఒక్క ముక్క తెలుగు రాదు, అయినా ఫోనూ ముసుగూ చూసి సంగతి పట్టేసింది. ఒక సంవత్సరం తన మనవడు కూడా బకెట్ ఎత్తి ఎత్తి చూశాడనీ, ఆ క్రిస్మస్‌కు తన నక్షత్రం పచ్చగానే ఉండిపోయిందనీ జర్మన్‌లో చెప్పింది. నసీమ్ కూతురు హిబా, పదేళ్ళది, నాన్న వైపు చూసి జర్మన్‌లోనే "మూడు వారాలు, పప్పా," అంది. సలీమ్ కప్పు కింద పెట్టి, తీగకే ముఖాముఖి క్షమాపణ చెప్పాడు. ఎవరికీ నవ్వు రాలేదు. జూలై పది దాటింది. మళ్ళీ మొదటినుంచి లెక్క పెడితే, పువ్వుకూ గింజకూ కలిపి మంచుకు ముందు మిగిలిన రోజులు సరిపోతాయో లేదో.

ఆ రోజునుంచి ఎవరూ ముట్టలేదు. జూలై ఆఖర్న ఆకుల మొదట్లో మొగ్గలు వచ్చాయి, వరిగింజంత. నసీమ్ మెడలో టేపు వేసుకునే వచ్చి కొలిచేది, వాటికి జాకెట్లు కుట్టబోతున్నట్టు. ఆగస్టు మధ్యలో ఒక సాయంత్రం పైకి పిలుపు వినిపించింది.

"అక్కా, రేపు పొద్దుగాల. మొగ్గ టెర్మిన్ ఇచ్చేసింది, డాక్టర్ అపాయింట్‌మెంట్ లెక్క. ఆరింటికి."

మొగ్గ చూశాను. చూపుడు వేలంత పొడవు, మూసిన గొడుగులా మెలితిరిగి ఉంది. మెలిక సందుల్లో ఒక రంగు దాక్కుంది. అది ఏ రంగో చెప్పలేను. వాళ్ళింట్లోనే తేలలేదు. ఆ పువ్వు నీలమని వాళ్ళమ్మ, కాదు వంకాయ రంగని నసీమ్, ముప్పై ఏళ్ళుగా తల్లీకూతుళ్ళ తగాదా.

పొద్దున ఆరింటికి తోటలో నలుగురం ఉన్నాం. ఫ్రౌ కెస్లర్ కంచె అవతల నైట్‌గౌను మీద కోటు వేసుకుని నిలబడింది. మాస్కులన్నీ గడ్డాల కిందికి దిగి ఉన్నాయి. నసీమ్ బిస్మిల్లా అని, వెల్క్రోను ఒక్కసారిగా లాగకుండా, పన్ను తర్వాత పన్ను, అంగుళం తర్వాత అంగుళం విడదీసింది. చప్పుడు రాలేదు. నల్లగుడ్డ పక్కకు జరిగింది.

అది అప్పటికే విచ్చుకుని ఉంది.

నీలం అని రాస్తే చాలదు. కళ్ళు మూసుకున్నా ఆగని నీలం. అంచు దగ్గర పల్చగా, లోపలికి పోయేకొద్దీ చిక్కగా, అడుగున తెల్లటి గొంతు. ఆ గొంతులోనుంచి వెలుగు పైకి వస్తోంది. ఎక్కడా దీపం లేదు, సూర్యుడింకా మేడల వెనకే ఉన్నాడు. అయినా ఆ పువ్వులో పొద్దు పొడిచింది. ఐదు చారలు మధ్యనుంచి అంచుకు పరుగెత్తి అక్కడ ఆగిపోయాయి, ఇంకో అడుగు వేస్తే ఆకాశంలో పడతామన్నట్టు. ఊపిరి తగిలినా చిరిగేంత పల్చన. దానికోసం రెండేళ్ళు, రెండు పొరల గుడ్డ, ఒక ఊరి మొత్తం చీకటి.

ఫ్రౌ కెస్లర్ రెండు చేతులూ జోడించి, తనలో తను అనుకున్నట్టు అడిగింది. లోపలే విచ్చుకుందా? చీకట్లో, ఎవరూ చూడకుండా?

నసీమ్ తడి గడ్డిమీద కూర్చుండిపోయింది. పువ్వును ముట్టలేదు. దాని ఎత్తుకు తన ముఖం తెచ్చి ఊరికే చూసింది. సలీమ్ నల్లగొండకు వీడియో కాల్ కలిపాడు.

"చూసినవా?" వాళ్ళమ్మ గొంతు తోటంతా వినిపించింది. "నీలం! నేను చెప్పలే? వంకాయ రంగంట, వంకాయ! కండ్లు కడుక్కొని చూడు."

"ఓడిపోయిన అమ్మీ," అంది నసీమ్. ఓడినందుకు అంత సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మధ్యాహ్నం నేను బాల్కనీలోకి వచ్చి కిందికి చూసి, కేక వేశాను. నసీమ్ చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. ఎండ ఎక్కేకొద్దీ పువ్వులో నీలం కరిగిపోయింది. ఇప్పుడు అది అచ్చంగా వంకాయ రంగు. అంచులు మెల్లగా లోపలికి ముడుచుకుంటున్నాయి.

ఆమె గరిటె పట్టుకునే నిలబడిపోయింది. "అమ్మీ తెల్లారకముందే ఫజర్ నమాజుకు లేచేది అక్కా. నేను పొద్దెక్కినంక తన్నులు తిని లేస్తుంటి. ఒక్క పువ్వే. ఆమె చూసింది ఆమెది, నేను చూసింది నాది." కాసేపటికి మళ్ళీ, "గీ సంగతి తెలువక ముప్పై ఏండ్లు కొట్లాడుకున్నం," అంది.

తర్వాత ఇంకో పది పూలు పూశాయి. అవి రాలాక అసలు భయం మొదలైంది. పువ్వును చూడటానికి అందరూ వచ్చారు, కాయను కాపలా కాసింది నసీమ్ ఒక్కతే. సెప్టెంబరు చలి రాత్రుల్లో నల్ల ముసుగులోపల పాత ఉన్ని దుప్పటి కూడా చుట్టేది. పచ్చటి చిన్న ఉల్లిపాయల్లాంటి కాయలు నెమ్మదిగా గోధుమరంగుకు తిరిగి, కాగితంలా ఎండాయి. నెలాఖరున మొదటి కాయను అరచేతిలో నలిపింది. పొట్టు ఎగిరిపోయింది. ఐదు గింజలు మిగిలాయి, నల్లగా, మూడు పలకలతో. వాటిని లెక్కపెట్టలేదు, గుప్పెట మూసి నుదుటికి ఆనించుకుంది.

అక్టోబరు మొదటివారంలో నాకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం వచ్చి ఇల్లు ఖాళీ చేశాను. సలీమ్ పెట్టెలు వ్యానులోకి ఎక్కించాడు. నసీమ్ గేటుదాకా వచ్చి నా చేతిలో ఒక చిన్న గుడ్డ సంచి పెట్టింది. అంచులు చేత్తో కుట్టినవి, లోపల మూడు గింజలు.

"ఫ్రాంక్‌ఫర్ట్‌ల లైట్లు మస్తుంటయట, జర చూస్కో. మూడుల ఒకటి మొలిచినా చాలు. ఇగ నా ఒక్క దగ్గర్నే లేదు కద, నాకిప్పుడు నిద్ర పడ్తది. పూసినప్పుడు ఫోటో పంపకు అక్కా. ముందురోజు సాయంత్రం మొగ్గ చూసి ఫోన్ చెయ్యి. నేను మొదటి రైలుకు వస్త, రంగు మారకముందే."