చీలమండ దాకా

లియోనోర్ ఫుర్తాదో పాదాల డాక్టరు. న్యూ ఇంగ్లాండ్ తీరాన, పోర్చుగీసు జాలర్లు కాపురాలున్న ఒక రేవుపట్టణంలో, చేపల వేలం షెడ్డుకెదురుగా ఆమె క్లినిక్కు. రబ్బరు బూట్లలో, చలినీళ్లలో రోజంతా నిలబడి బతికే ఊరు కనక ఆమెకు పనికి కొదవ లేదు. ఆనెలు, గోరుచుట్లు, షుగరు పుండ్లు చూసేది. పాదంలో ఎముక విరిగితే కోసి అతికించేది. అయితే ఆ రాష్ట్రపు చట్టం లెక్కలో పాదం చీలమండకు కింద ఆగిపోతుంది. ఆ పైన ఉన్నది ఎముకల డాక్టర్ల సొత్తు.

ఊళ్లో ఎముకల డాక్టరు ఒక్కడే. అతను లియోనోర్ తమ్ముడు దువార్తె.

ఒక ఫిబ్రవరిలో చేపలు కోసే ఎర్మీనియా మంచుమీద జారిపడింది. పాదంలో ఒక ఎముక, చీలమండలో ఒక ఎముక విరిగాయి. దువార్తె ఊళ్లో లేడు. లియోనోర్ పాదం తను చూస్తాననీ, చీలమండకు మాత్రం నగరం వెళ్లాలనీ చెప్పింది. ఎర్మీనియా తన కాలివైపు చూసుకుంది.

"దేవుడు కాలు ఒకటే ఇచ్చాడు గదా డాక్టరమ్మా. మీరూ మీ తమ్ముడూ ఎప్పుడు వాటాలేసుకున్నారు?" అంది.

నగరంలో ఆమె వంతు వచ్చేసరికి కాలు బాగా వాచిపోయింది. వాపు తగ్గేదాకా కత్తి పెట్టలేమన్నారు. వసంతమంతా ఆమె మంచంమీదే గడిపింది.

ఆ ఏడే లియోనోర్ శాసనసభ కమిటీ ముందుకు వెళ్లింది. చట్టం మార్చమని అడగడానికి ఆమె, మార్చొద్దని చెప్పడానికి దువార్తె. రాజధానిలో కారు నడపడం ఆమెకు భయం కాబట్టి ఇద్దరూ దువార్తె కారులోనే వెళ్లారు. అమ్మ ఇద్దరికీ కలిపి ఒకే తీపిరొట్టె కట్టిచ్చింది. దారంతా చేపల రేట్ల గురించి మాట్లాడుకున్నారు.

కమిటీ ముందు దువార్తె మర్యాదగానే మాట్లాడాడు. చీలమండలో ఆపరేషను వికటిస్తే నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తుల దాకా పోగలదనీ, పాదం వరకే చదివినవాళ్లు అప్పుడేం చేస్తారనీ అడిగాడు. అందులో అబద్ధమేమీ లేదు. లియోనోర్‌కు అదే కష్టంగా ఉంది.

"నేను పక్క రాష్ట్రంలో మూడేళ్లు చీలమండలకు ఆపరేషన్లు చేస్తూనే పని నేర్చుకున్నాను. సరిహద్దు దాటి ఇంటికొచ్చేసరికి నా చేతులు ఆ పని మరిచిపోవాలా?" అంది ఆమె.

విరామంలో కమిటీ సభ్యుడొకాయన ఆమెను వసారాలోకి పిలిచి బూటు విప్పాడు. బొటనవేలి గోరు లోపలికి పెరిగింది. ఆమె చూసి, ఏం చెయ్యాలో చెప్పింది. ఆయన ఎంతో కృతజ్ఞతగా బూటు తొడుక్కుని, లోపలికి వెళ్లి వ్యతిరేకంగా ఓటేశాడు.

ఆ తరువాత ప్రతి సమావేశానికీ అక్కాతమ్ముళ్లు అదే కారులో వెళ్లొచ్చారు. ఆమె జుట్టు నెరిసింది. అతనికి బట్టతల వచ్చింది. చివరికొకసారి, ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోని ఏడాది, చట్టం మారింది. పాదాల డాక్టర్లు చీలమండ కూడా చూడొచ్చు, కానీ మొదట కొన్నాళ్లు ఎముకల డాక్టరు పక్కన నిలబడి పర్యవేక్షించాలి అన్నారు.

ఆదివారం అమ్మ ఇంట్లో కేల్ ఆకు సూపు తాగుతూ ఇద్దరూ ఈ సంగతి చెప్పారు. అమ్మ అంతా విని, "మరి మోకాలు ఎవరిది?" అనడిగింది.

"నాదే" అన్నాడు దువార్తె.

"అయితే తిన్నాక చూడు. నెలనుంచీ నొప్పి" అంది.

లియోనోర్‌కు దొరికిన మొదటి చీలమండ సిల్వీనోది. ఐసు మోసే మనిషి, మెట్లమీంచి పడ్డాడు. ఆపరేషను గదిలో దువార్తె చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. లియోనోర్ కత్తి అందుకుంది. ఇన్నేళ్లూ తమ్ముడు చెప్పిందే నిజమేమో అన్న అనుమానం ఆ క్షణంలో ఆమెకు కలిగింది. కానీ ఎముక కనబడగానే చేతులు వాటంతట అవే కదిలాయి. విరిగిన ఎముకను పట్టి ఉంచే లోహపు రేకు సరిగ్గా కూర్చుంది. ఆఖరి స్క్రూ దగ్గర మాత్రం అతను గొంతు సవరించుకున్నాడు.

"అది పొడుగైందక్కా."

ఆమె సినిమాలో వచ్చే డాక్టరైతే పౌరుషానికి పోయేదేమో. కొలిచి చూసింది. పొడుగే. తీసి పొట్టిది పెట్టింది.

బట్టలు మార్చుకునే గదిలో ఆమె బెంచీమీద కూలబడి, చాలాసేపు ఏడ్చింది. దువార్తె పక్కన కూర్చుని తన బూటు లేసులు కట్టుకున్నాడు, విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"బాగా చేశావు" అన్నాడు చివరికి. "చట్టం మాత్రం తప్పే."

"తెలుసులే, పద" అంది ఆమె.

సిల్వీనో వేసవికల్లా ఐసు మోశాడు. దువార్తె ఆ చట్టానికి వ్యతిరేకంగా ఇప్పటికీ సభల్లో మాట్లాడుతున్నాడు. సభలకు వెళ్లిన రోజుల్లో తన దగ్గరికొచ్చే చీలమండలను అక్క దగ్గరికి పంపుతాడు.